ఎడమవైపు అద్దం

పోయిన వారం డాక్టరమ్మని ఆస్పత్రి వరండాలో ఒంటరిగా నిలబెట్టి వచ్చేశాం. తలుపు అద్దంలోంచి ఆమె చూస్తున్నది పిండిమిల్లు వాచ్‌మన్‌ని. తలకు కట్టు, ముక్కులో గొట్టం, మూసిన కళ్లు. ఏదైనా బండి గుద్దిందో, కళ్లు తిరిగి తనే పడ్డాడో, ఆ మనిషి లేచి చెబితే తప్ప తేలదని నర్సు చెప్పి వెళ్లిపోయింది. ఆయనకూ డాక్టరమ్మకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా ఆమె కాళ్లు కదలక అక్కడే ఉండిపోయింది.

ఎందుకో పాతవాళ్లకు తెలుసు. ఈ వారమే పత్రిక చేతికొచ్చినవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. కుట్టుమిషన్ల దుకాణం పై అంతస్తులో, మనసు బాగోలేనివాళ్లకు వైద్యం చేసే గదులు రెండున్నాయి. ఒకటి మాష్టారిది. అక్కడికి వెళ్లినవాళ్లు మంచం మీద పడుకుని నోటికొచ్చింది మాట్లాడాలి. ఆయన తలవైపు, కనిపించకుండా, కుర్చీలో కూర్చుని వింటారు. మనిషి ఏం మరిచిపోయాడో, ఎందుకు మరిచిపోయాడో తవ్వి తీయడం ఆయన పని. రెండో గది ఆయన దగ్గరే చదువుకుని, ఆయనతోనే పోట్లాడి, ఆయన పక్క గదిలోనే బోర్డు పెట్టిన డాక్టరమ్మది. ఆమె తవ్వదు. దేనికి భయపడుతున్నావో ఆ పనే కొంచెం కొంచెంగా చెయ్యి, చెయ్యగా చెయ్యగా భయం అరిగిపోతుంది అంటుంది. వచ్చేవాళ్లు ఆయన్ని పడక డాక్టరనీ, ఆమెను పని డాక్టరనీ చాటుగా అనుకుంటారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, తెలియనట్టు నటిస్తారు.

ఏళ్ల తరబడి వాదించుకున్నాక, రెండు పద్ధతులనూ కలిపి ఒకే మనిషికి వైద్యం చేద్దామని ఒప్పుకున్నారు. ఆ మనిషి బ్రెడ్డు వ్యాన్ డ్రైవరు. రోడ్డు మీద ఏ చిన్న కుదుపు తగిలినా ఎవరినో తొక్కించేశానని అతని గుండె జారిపోయేది. బండి వెనక్కి తిప్పి చూసుకునేవాడు. ఎవరూ లేరని చూసుకుని నాలుగడుగులు పోయాక, సరిగ్గా చూశానో లేదోనని మళ్లీ తిప్పేవాడు. బ్రెడ్డు దుకాణాలకు చేరేసరికి జనం టిఫిన్లు ముగించేవారు. చిన్నప్పుడు బస్సెక్కి వెళ్తూ, సాగనంపడానికొచ్చిన తల్లివైపు తను తిరిగి చూడలేదనీ, ఆ తర్వాత ఆమె ప్రాణాలతో కనిపించలేదనీ మాష్టారి మంచం మీద పడుకుని ఏడుస్తూ చెప్పాడు. డాక్టరమ్మ వ్యాన్‌లో అతని పక్కన కూర్చుని, కుదుపొచ్చినా ఆగొద్దు, వెనక్కి చూడొద్దు అని నేర్పింది. బ్రెడ్డు పెట్టే భాగమంతా మూసిన డబ్బా కాబట్టి, వెనక ఏముందో చూడాలంటే బయటి అద్దాలే దిక్కు. దొంగచూపులు చూస్తున్నాడని ఎడమవైపు అద్దాన్ని ఆమె తన వైపు తిప్పేసుకుంది. మరీ ఇంత పట్టుదల పనికిరాదని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఒక మధ్యాహ్నం పిండిమిల్లు మలుపులో, ఎడమవైపు, దబ్బుమని చప్పుడైంది. డ్రైవరు మొహం పాలిపోయింది. "పోనివ్వండి" అంది డాక్టరమ్మ. అతను పోనిచ్చాడు. ఆ రోజుతో అతని జబ్బు చేత్తో తీసేసినట్టు పోయింది. ఆ సాయంత్రమే మలుపు పక్కన కాలవలో వాచ్‌మన్ పడి ఉండగా ఎవరో చూశారు.

అదీ సంగతి. ఇక పదండి.

డాక్టరమ్మ స్కూటరు మళ్లీ ఆ మలుపులోనే ఆగింది. తన గదికని బయల్దేరినా, ఇంటికని బయల్దేరినా అది అక్కడికే వస్తోంది. మలుపులో కుంగిన మ్యాన్‌హోల్ మూత ఒకటుంది. దాని మీదుగా బండి పోతే చప్పుడవుతుంది. మిల్లు గోడ నీడలో నిలబడి ఆమె ఆ చప్పుళ్లు వింటోంది. లారీ పోయింది. ఆ రోజు విన్నది ఇదే అనిపించి ప్రాణం లేచొచ్చింది. వెనకే ఆటో పోయింది. ఇది కాదు, ఆ రోజుది ఇంత గట్టిగా లేదు, మెత్తగా ఉంది అనిపించింది. మెత్తగా అన్న మాట మనసులో మెదలగానే ఆమె ఒళ్లు జలదరించింది. ఇంకొక్క బండి చూసి వెళ్దాం అనుకుంది. ఆ మాట డ్రైవరు ఎన్నిసార్లు అన్నాడో, తను ఎన్నిసార్లు కసిరిందో గుర్తొచ్చి సిగ్గేసింది. అయినా ఇంకో బండి వచ్చేదాకా కదల్లేదు.

వ్యాన్ ముందుభాగం కూడా ఆమె చూసింది, ఎవరూ లేని సమయం చూసుకుని. పాత బండి. ఒళ్లంతా సొట్టలే. ఏది కొత్తదో, ఏది పాతదో ఆ బండి కన్న కంపెనీ కూడా చెప్పలేదు.

ఆమె మెట్లెక్కి వచ్చేసరికి మాష్టారు తన గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆ గుమ్మానికి రెండు తలుపులు. బయటిది పల్చటి చెక్క. లోపలిది దూది కుక్కి రెక్సిన్ కుట్టిన మందపాటి తలుపు. బయటిది మాష్టారు వేస్తారు. లోపలిది పడుకోవడానికి వచ్చినవాళ్లు తమ చేత్తో వేసుకోవాలి. మాట బయటికి పోకూడదన్న నిర్ణయం వాళ్లదే అయి ఉండాలని ఆయన పట్టుదల. మొదటి రోజే ఆ సంగతి వచ్చినవాళ్లకు చెబుతారు.

"మళ్లీ అక్కడికే వెళ్లొచ్చావా అమ్మాయ్?" అన్నారు.

"ఎక్కడికి?"

"చెప్పుల నిండా పిండి."

డాక్టరమ్మ కిందకి చూసుకుంది. చెప్పులూ, చీర కుచ్చిళ్ల అంచూ తెల్లగా ఉన్నాయి. అబద్ధమాడే ఓపిక కూడా లేకపోయింది. వెళ్లి తన గదిలో కుర్చీలో కూలబడింది. మాష్టారు వెనకే వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"మీకెవరు చెప్పారు?"

"నీ డ్రైవరే. మంచం మీద పడుకుని చెప్పాడు. దబ్బుమందట, పోనివ్వమన్నావట, పోనిచ్చాడట. చెప్పి హాయిగా నవ్వాడు. ఆ మంచం మీద మనిషి నవ్వడం నేను చూసి చాలా ఏళ్లయింది. మర్నాడు పేపర్లో వాచ్‌మన్ సంగతి చదివాను."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశాను."

"అదే మాష్టారూ మీతో వచ్చిన చిక్కు! అవతలివాళ్లు నోరు తెరిచేదాకా కుర్చీలో కూర్చుంటారు. అక్కడో మనిషి చావుబతుకుల్లో ఉన్నాడు."

ఆయన కోపం తెచ్చుకోలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నాక్కూడా భయంగానే ఉందమ్మా" అన్నారు.

ఆయన నోట ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. తిట్టినా బాగుండేది. తిట్టే పెద్దమనిషి ఉన్నాడంటే ఏదో దారి కూడా ఉన్నట్టే. ఆయన కూడా భయపడుతున్నాడని తెలిశాక ఆమెకు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"ఒక్కటి చెప్పండి" అంది. "రోజూ వెళ్లి ఆ మలుపు చూసొస్తున్నా. ఇంట్లో గ్యాస్ కట్టానా లేదా అని లేచి లేచి చూస్తున్నా. 'దానికేమన్నా కాళ్లొచ్చాయటే, పారిపోవడానికి' అని మా అత్తగారు నవ్వుతోంది. ఇదే పని డ్రైవరు చేస్తే జబ్బన్నాను. ఇప్పుడు నేను చేస్తున్నది జబ్బా, బాధ్యతా?"

"నీ చదువు ఏమంటుంది?"

"అనుమానం తీర్చుకోబోతే అది ఇంకా ముదురుతుందంటుంది."

"నా చదువు అనుమానం ఊరికే రాదంటుంది."

"రెండూ కలుపుదామన్నది మీరే కదా!"

"అన్నాను. అవి రెండూ ఇలా ఒకే గుమ్మంలో ఎదురుపడి దారివ్వకుండా నిలబడతాయని అనుకోలేదు."

కింద కుట్టుమిషన్లు టకటకలాడుతున్నాయి.

"పోలీసుల దగ్గరికి వెళ్తాను" అంది డాక్టరమ్మ. "కానీ డ్రైవరుకి చెప్పకుండా వెళ్లలేను. నన్ను నమ్మి నడిపాడు."

"చెబితే తట్టుకోగలడా? కుదుపుకే ప్రాణం పోయినంత పని అయ్యేది అతనికి. ఇప్పుడు నిజంగానే ఒక మనిషంటే?"

"చెప్పకపోతే?"

మాష్టారు జవాబు చెప్పకముందే మెట్ల మీద హుషారైన అడుగులు వినిపించాయి. ఆ వేళ డ్రైవరుది.

"ఏంటి, ఇద్దరూ ఒకే గదిలో!" అంటూ వచ్చాడు డ్రైవరు. నలభై దాటిన మనిషి. గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. చేతిలో వెచ్చటి బన్నుల పొట్లం. "ఇవాళ పడకా, పనీ రెండూ ఒకేసారా సారూ? రెండిటికీ కలిపి ఒకే బిల్లు వెయ్యాలి మరి."

మాష్టారు నవ్వబోయి మానేశారు. డ్రైవరు పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తను బాగుపడ్డానని చెప్పడానికే ఇద్దరూ కలిసి కూర్చున్నారని అనుకున్నట్టున్నాడు. మొహం వెలిగిపోతోంది.

చెప్పెయ్యాలి అనుకుంది డాక్టరమ్మ. వాచ్‌మన్ అన్న మాట దగ్గర మొదలుపెట్టాలనుకుంది. గొంతు దాకా వచ్చింది గానీ, నోట్లోంచి వేరే మాట బయటికొచ్చింది.

"ఆ రోజు... పిండిమిల్లు మలుపులో... చప్పుడు గుర్తుందా?"

"ఎందుకుండదు మేడమ్? నా జబ్బు దిగిపోయిన చప్పుడది."

"మరి వెనక్కి చూడకుండా ఎలా ఉండగలిగారు?"

"నేను చూడ్డమెందుకు? మీరు చూశారుగా."

"నేనా?"

"అవును మేడమ్. ఎడమద్దం మీ వైపే కదా ఉంది. చప్పుడు కాగానే మీరు కిటికీ మీదికి వంగి అందులోకి చూశారు. నేను మీ మొహం చూశా. ఏ మార్పూ లేదు. నిజంగా ఏమన్నా అయ్యుంటే మేడమ్ మొహం మారదా, అనుకున్నా. పోనివ్వండన్నారు. కొండంత ధైర్యం వచ్చింది. అంతే, పోనిచ్చా."

చూడలేదని ఆమెకు తెలుసు. ఎవరి మీదైనా ఒట్టేసి చెప్పగలదు. ముందు అద్దంలోంచి కనిపించిన రోడ్డు గుర్తుంది. మోకాలి మీద తన చెయ్యి గుర్తుంది. బ్రెడ్డు వాసన గుర్తుంది. దబ్బుమన్న చప్పుడు గుర్తుంది. పోనివ్వండి అన్న తన గొంతు గుర్తుంది. ఆ రెండిటికీ మధ్య ఏముందని వెతికింది. ఏమీ లేదు. ఖాళీగా కూడా లేదు, అక్కడ అసలు చోటే లేనట్టుంది. మరిచిపోవడం గురించి మాష్టారు చెప్పేవన్నీ పాతకాలపు కబుర్లని తను వేళాకోళం చేసేది.

"ఆ రోజు ఒక్కదానికే బాధేసింది మేడమ్" అంటున్నాడు డ్రైవరు. "మిల్లు వాచ్‌మన్ తాత ఉన్నాడే, రోజూ ఆ మలుపులో చెయ్యి ఊపుతాడు. ఆపి బన్ను ఇస్తాను. ఆగొద్దన్నారు కదాని ఆ రోజు ఇవ్వలేదు. ఇప్పుడా మలుపులో అస్సలు ఆగట్లేదు, మీరు చెప్పినట్టే. తాత మాత్రం మళ్లీ కనబడలేదు. అలిగాడేమో! ఇదుగో, ఇందులో ఆయన వాటా కూడా ఉంది. ఇవాళ వెళ్లి ఇచ్చేస్తా."

డాక్టరమ్మ ఆ పొట్లం వంకే చూస్తూ ఉండిపోయింది. డ్రైవరు నవ్వు కొంచెం తగ్గింది.

"ఏంటి మేడమ్, అలా ఉన్నారు? ఒంట్లో బాగోలేదా?"

మాష్టారు లేచారు. "కాసేపు బయట బెంచీ మీద కూర్చో నాయనా. మేమిద్దరం ఒక మాట అనుకోవాలి."

"సరే సారూ." డ్రైవరు పొట్లం పట్టుకుని బయటికి వెళ్లాడు. గుమ్మం దాటుతూ ఒకసారి డాక్టరమ్మ మొహంలోకి చూశాడు. ఆ చూపులో పాత డ్రైవరు కనిపించాడు.

మాష్టారు ఆమెను తన గదిలోకి తీసుకెళ్లి మంచం చూపించారు.

"పడుకో."

"నేనా? మాష్టారూ, ఇది సమయం కాదు. చప్పుడు గుర్తుంది, పోనివ్వండి అన్నది గుర్తుంది, మధ్యలో ఏమీ లేదు."

"ఆ మధ్య ముక్క కావాలి మనకి. నీ పద్ధతిలో దాన్ని తెచ్చే దారేమైనా ఉంటే చెప్పు, అదే చేద్దాం."

లేదు. అది ఆమెకు ఆయనకన్నా బాగా తెలుసు. అన్నేళ్లుగా పక్క గదిలో పనిచేస్తూ ఆ మంచం మీద ఎన్నడూ కూర్చోను కూడా కూర్చోలేదు. పడుకోగానే పైకప్పు మరీ దూరంగా కనిపించింది. మాష్టారు అలవాటు ప్రకారం బయటి తలుపు మూసి, వచ్చి తలవైపు కుర్చీలో కూర్చున్నారు. ఆయన కనిపించకపోయేసరికి ఆమెకు ఊపిరి బిగబట్టినట్టయింది. ఇన్నాళ్లూ ఇక్కడ పడుకున్నవాళ్లంతా ఎంత భయపడి ఉంటారో మొదటిసారి తెలిసింది.

"చప్పుడుకి కొంచెం ముందు మొదలుపెట్టు."

"ఎండగా ఉంది. వ్యాన్‌లో బ్రెడ్డు వాసన. అతను ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు, భయం తెలియకుండా. మలుపొచ్చింది. చప్పుడయింది."

"తర్వాత?"

"పోనివ్వండి అన్నాను."

"మధ్యలో?"

"ఏమీ లేదు మాష్టారూ. చెప్పాగా."

ఆయన మాట్లాడలేదు. వీధి చివర బడి గంట కొట్టారు. పిల్లల గోల మొదలైంది. ఆ నిశ్శబ్దం ఆమెకు ఒంటి మీద బరువు పెట్టినట్టుంది. లేచి పారిపోవాలనిపించింది.

"చల్లగా ఉంది" అంది ఉన్నట్టుండి.

"ఎక్కడ?"

"నుదుటికి. కిటికీ అద్దం." ఆమె చెయ్యి తనంతట తను నుదుటి మీదికి వెళ్లింది. "నా నుదురు కిటికీ అద్దానికి ఆనింది."

"అంటే వంగావు."

"వంగాను." ఏడుపు ముంచుకొచ్చింది. "అయ్యో, వంగాను. చూశాను."

"ఏం చూశావమ్మా?"

"రోడ్డు. దుమ్ము. గోడ... ఒక చెయ్యి. ఊగుతోంది."

కుర్చీ కిర్రుమంది. మాష్టారు గొంతు ముందుకొచ్చింది. "ఆగు. ఇప్పుడే డ్రైవరు చెప్పాడు, తాత రోజూ చెయ్యి ఊపుతాడని. ఆ చెయ్యి అతని మాటల్లోంచి వచ్చిందేమో. భయం బొమ్మలు గీస్తుందని నువ్వే నాతో ఎన్నోసార్లు వాదించావు. గుర్తు తెచ్చుకో."

తన మాటే ఆయన నోట విని ఆమె ప్రాణాలు లేచొచ్చాయి. అవును, అంతే అయ్యుండాలి. ఒకవేళ నిజంగా చూసినా, బన్ను కోసం గేటు దగ్గర నిలబడి చెయ్యూపుతున్న ముసలాయన్నే చూసిందేమో. బండి దాటిపోయాక కూడా ఆయన నిక్షేపంగా ఉన్నాడేమో. కళ్లు గట్టిగా మూసుకుని ఆ చెయ్యి కింద ఒక మనిషిని నిలబెట్టాలని చూసింది. చొక్కా తొడిగింది, కాళ్లు పెట్టింది. నిలబడలేదు. అద్దంలో ఆ చెయ్యి గేటు దగ్గర లేదు. గోడకి సగం ఎత్తులో కూడా లేదు.

"కాదు మాష్టారూ" అంది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. "నిలబడ్డ మనిషి చెయ్యి కాదది. నేల మీంచి లేచిన చెయ్యి. చూసి కూడా పోనివ్వండి అన్నాను."

మాష్టారు కుర్చీ వదిలి వచ్చి మంచం పక్కన నిలబడ్డారు.

అప్పుడు గది బయట ఏదో కిందపడి దొర్లిన చప్పుడైంది.

డాక్టరమ్మ లేచి కూర్చుంది. మందపాటి లోపలి తలుపు బార్లా తెరిచి గోడకి ఆని ఉంది. దాన్ని వేసుకోవలసింది పడుకునేవాళ్లు. ఆమె ఎప్పుడూ పడుకున్నది లేదు. ఎన్నడూ పడుకోనిదానికి ఆ సంగతి గుర్తుచెయ్యాలని మాష్టారికీ తోచలేదు. మూసి ఉన్నదల్లా ఆ పల్చటి చెక్క తలుపు. దానికి ఆనుకునే ఉంటుంది బెంచీ.

ఆమె ఒక్క ఉదుటున వెళ్లి తలుపు తీసింది. బెంచీ మీద ఎవరూ లేరు. బన్నులు నేల మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. మెట్ల మీద అడుగులు దడదడా దిగిపోతున్నాయి.

"ఆగండి! డ్రైవరుగారూ, ఆగండి!"

వ్యాన్ స్టార్టయింది. ఆమె వరండా కిటికీ దగ్గరికి పరిగెత్తింది. వెనక మాష్టారు ఏదో అరుస్తున్నారు. కింద బండి మలుపు తీసుకుని వీధిలోకి దూకింది. బేకరీ వైపు కాదు, పిండిమిల్లు వైపు. కిటికీలోంచి డ్రైవరు సగం బయటికొచ్చి ఉన్నాడు. బండి ముందుకు పోతోంది. అతని తల మాత్రం పూర్తిగా వెనక్కి తిరిగి ఉంది, ఎవరికోసమో వెతుకుతూ.

వీధి చివర, బడి వదిలిన పిల్లలు చేతులు పట్టుకుని రోడ్డు దాటుతున్నారు.